నది తగాదా నుంచి రాజ్యాంగం దాకా: ఆరు రోజుల యాత్ర

మొదటి రోజు: మౌంట్ వెర్నన్

వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో మా అమ్మాయి ఇంట్లో పొద్దున్నే కుళాయి తిప్పి గ్లాసులో నీళ్లు పట్టుకుంటూ, ఇవి ఏ నది నీళ్లని మనవరాలిని అడిగాను. "పొటోమాక్ తాతయ్యా, బడిలో చెప్పారు" అంది. ఆ నదిని చూడడానికే ఆ రోజు బయలుదేరుతున్నాం. కృష్ణా జిల్లాలోని ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో ముప్పై ఒక్క ఏళ్లు పౌరశాస్త్రం చెప్పిన నేను, అమెరికా రాజ్యాంగం పాఠాన్ని ఎప్పుడూ 1787 ఫిలడెల్ఫియా సభతోనే మొదలుపెట్టేవాణ్ణి. అంతకు రెండేళ్ల ముందు రెండు రాష్ట్రాల మధ్య నడిచిన నది తగాదాయే ఆ సభకు దారి తీసిందని తెలిసినా, తరగతిలో ఒక్క వాక్యానికి మించి చెప్పలేదు. ఉద్యోగ విరమణ తరవాత కూడా ఆ లోటు నన్ను వదలలేదు. ఏప్రిల్‌లో మనవరాలికి బడి సెలవులు రావడంతో, ఆ సంగతులను జరిగిన వరసలోనే, జరిగిన చోట్లకే వెళ్లి చూద్దామని మా అమ్మాయి కారు తీసింది.

మౌంట్ వెర్నన్ జార్జ్ వాషింగ్టన్ ఇల్లు. నది వైపు ఎత్తయిన చదరపు స్తంభాల మీద నిలిచిన పొడవాటి వసారా ఉంది. వచ్చిన వాళ్లు కూర్చోవడానికి వరసగా కుర్చీలు వేశారు. అక్కడ కూర్చుంటే పచ్చిక వాలుకు దిగువన పొటోమాక్, దానికి ఆవల మేరీల్యాండ్ గట్టు కనిపిస్తాయి. గట్టు ఒక్కటే కాదు, 1632లో ఇంగ్లండ్ రాజు రాసిచ్చిన పట్టా ప్రకారం వర్జీనియా అంచు దాకా నీరంతా మేరీల్యాండ్‌దే. అయితే ఆ నది వెళ్లి కలిసే చెసపీక్ అఖాతం ముఖద్వారం మాత్రం వర్జీనియా చేతిలో ఉంది. సముద్రం మీద నుంచి వచ్చే ఓడ ముందు వర్జీనియా గుమ్మం దాటి, తరవాత మేరీల్యాండ్ నీటి మీద నడవాలి. ఒకరి మీద ఒకరు సుంకాలు వేసుకోగల ఈ రెండు రాష్ట్రాలకూ సర్ది చెప్పగలిగిన పెద్దదిక్కు అప్పట్లో లేదు. 1781లో అమలులోకి వచ్చిన కూటమి ఒడంబడిక కింద పదమూడు రాష్ట్రాలూ ఎవరికి వారే సర్వాధికారులు. కాంగ్రెస్‌లో రాష్ట్రానికి ఒక ఓటు ఉండేది. ఆ కాంగ్రెస్ రాష్ట్రాలను డబ్బు అడగగలదు గానీ పన్ను వేయలేదు. దానికి అధ్యక్షుడి నాయకత్వంలో పనిచేసే ప్రత్యేక కార్యనిర్వాహక శాఖ లేదు, దేశమంతటికీ చెల్లే న్యాయస్థానాల వ్యవస్థ లేదు. ఒడంబడికలో ఒక్క మాట మార్చాలన్నా పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి.

1785 మార్చిలో రెండు రాష్ట్రాల ప్రతినిధులు సమీపంలోని అలెగ్జాండ్రియాలో కలవవలసి ఉండగా, వర్జీనియా తన ప్రతినిధులకే కబురు సరిగా అందించలేదు. నలుగురిలో జార్జ్ మేసన్, అలెగ్జాండర్ హెండర్సన్ ఇద్దరే హాజరయ్యారు. వాషింగ్టన్ వాళ్లందరినీ తన ఇంటికి పిలిచాడు. ఈ ఇంట్లో మార్చి 28 నాటికి పదమూడు అంశాల ఒప్పందం కుదిరింది: పొటోమాక్ ఇరు రాష్ట్రాల పౌరులకూ ఉమ్మడి రహదారి, చేపల వేట ఉమ్మడి హక్కు, దీపస్తంభాల ఖర్చు ఇద్దరిదీ. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు ఎప్పుడు నీళ్లు వదులుతారా అని ఎదురుచూసే ఊళ్లలో పెరిగినవాణ్ణి గనక, ఆ ఒప్పందం నాకు వట్టి కాగితంగా కనిపించలేదు. కృష్ణా జలాల కోసం మన దగ్గర 1969లో బచావత్ ట్రిబ్యునల్, 2004లో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ ఏర్పడ్డాయి. అంతర్రాష్ట్ర నదుల తగవులకు మన రాజ్యాంగం 262వ అధికరణంలో ప్రత్యేక మార్గం పెట్టింది. ఇక్కడ అమెరికాలో రాష్ట్రాల మధ్య వ్యాజ్యం నేరుగా సుప్రీంకోర్టు ముందుకు వెళుతుంది. మా అమ్మాయి ఉండే ఫెయిర్‌ఫాక్స్ కౌంటీకి నీళ్లిచ్చే సంస్థ నది మధ్యకు గొట్టం వేయబోతే మేరీల్యాండ్ అనుమతి నిరాకరించింది. 2003లో సుప్రీంకోర్టు వర్జీనియాకు అనుకూలంగా తీర్పు చెబుతూ ఆధారంగా తీసుకున్న పత్రాల్లో ఈ 1785 ఒప్పందమూ ఉంది. ఆ పొద్దున నేను గ్లాసులో పట్టుకున్న నీళ్ల వెనక, నేను కూర్చున్న ఈ ఇంట్లో రెండు శతాబ్దాల కిందట జరిగిన మాటలు ఉన్నాయి.

తిరుగుదారిలో బానిసల శ్మశానం దగ్గర ఆగాం. 1799లో వాషింగ్టన్ చనిపోయే నాటికి ఈ ఎస్టేటులో 317 మంది బానిసలు ఉన్నారు. నది మీద ఎవరి హక్కు ఎంతో నాలుగు రోజుల్లో తేల్చుకున్న ఆ పెద్దల ఎదుట వీళ్ల హక్కు ప్రస్తావనకు కూడా రాలేదు. ఈ యాత్ర మొత్తంలో ఆ సంగతి మమ్మల్ని వెన్నంటి వచ్చింది.

రెండో రోజు: మాంట్‌పెలియర్

దక్షిణంగా గంటన్నరకు పైగా ప్రయాణం చేస్తే, రాజ్యాంగ రచనలో ముఖ్యుడైన జేమ్స్ మాడిసన్ ఇల్లు మాంట్‌పెలియర్ వస్తుంది. మేడ మీద పడమటి వైపు ఆయన చదువుకున్న గది ఉంది. కిటికీలోంచి చూస్తే పచ్చిక మైదానం, దాని చివర అడవి, అడవి మీదుగా లేత నీలం గీతలా బ్లూ రిడ్జ్ కొండలు. 1786లో, అప్పుడు పారిస్‌లో అమెరికా రాయబారిగా ఉన్న మిత్రుడు థామస్ జెఫర్సన్ పంపిన పుస్తకాలు ముందేసుకుని మాడిసన్ ప్రాచీన గ్రీకు కూటములు మొదలు స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్ దాకా ప్రపంచంలో అంతకుముందున్న రాష్ట్రాల కూటములన్నిటినీ తరచి చూశాడు. అవి ఎందుకు బలహీనపడ్డాయో, ఎక్కడ చీలాయో రాసి పెట్టుకున్నాడు. ఆ రాతల సారం నాకు అర్థమైనంత వరకు ఒకటే: కూటమి ఆజ్ఞలు సభ్య ప్రభుత్వాల మీద జారీ అవుతాయి, మనుషుల మీద కాదు. ప్రభుత్వం మాట వినకపోతే దాన్ని జైల్లో పెట్టలేం. మిగిలేది యుద్ధమో, చేతులు కట్టుకుని కూర్చోవడమో. కేంద్రం పౌరుడిని నేరుగా తాకగలగాలి, అయినా రాష్ట్రాలు రాష్ట్రాలుగా మిగలాలి.

ఇన్నేళ్లూ నేను సమాఖ్య అంటే అధికారాల పంపకమని, కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అని బల్ల మీద మూడు నిలువు గీతలు గీసి చెప్పాను. తప్పు చెప్పలేదు గానీ, అసలైన సంగతి ఆ గీతలకు ముందే ఉంది. ఒకే మనిషికి రెండు ప్రభుత్వాలు ఉండటం, ఆ రెండూ ఒకదాని చేతి మీదుగా మరొకటి కాకుండా దేనికది నేరుగా ఆ మనిషితో వ్యవహరించడం 1787లో చేసిన కొత్త ఏర్పాటు. దాన్ని మా అమ్మాయి జీతం చీటీలో చూశాను. ఫెడరల్ ఆదాయపు పన్ను ఒక వరసలో, వర్జీనియా ఆదాయపు పన్ను మరో వరసలో కోతపడ్డాయి. ఆమె రెండు రిటర్నులు దాఖలు చేస్తుంది: ఒకటి ఏప్రిల్ 15 లోగా దేశానికి, రెండోది మే 1 లోగా రాష్ట్రానికి. రెండు చట్టాలు, రెండు ఖజానాలు, రెండు కోర్టు వ్యవస్థలు. జీతం మాత్రం ఒక్కటే.

కిటికీలో కనిపించే ఆ కొండలనూ, వాటి వెనక లోయనూ దాటి వెళితే ఒకప్పుడు అదీ వర్జీనియాయే. 1861లో వర్జీనియా అమెరికా నుంచి విడిపోతున్నానన్నప్పుడు పడమటి కౌంటీలు ఒప్పుకోలేదు. 1863 జూన్ 20న వెస్ట్ వర్జీనియా కొత్త రాష్ట్రమైంది. రాజ్యాంగం నాలుగో అధికరణం ప్రకారం ఒక రాష్ట్రాన్ని విడదీయాలంటే ఆ రాష్ట్ర శాసనసభ సమ్మతి తప్పనిసరి. యుద్ధకాలంలో లింకన్‌కు విధేయంగా ఉన్న వర్జీనియా ప్రభుత్వం చేత ఆ సమ్మతి ఇప్పించారు. ఆ సమ్మతి న్యాయంగా వచ్చిందేనా అన్న వాదన అప్పుడే పుట్టింది. మన 3వ అధికరణం అలా అడగదు. శాసనసభ అభిప్రాయం కోరితే చాలు. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించినా, ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించింది, జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. తెలంగాణ కోసం దశాబ్దాలు ఎదురుచూసిన నా పాత సహాధ్యాపకుడికి ఆ అధికరణంలోనే న్యాయం కనిపించింది, ఆయన పక్కనే కూర్చునే మరొకరికి అదే అధికరణంలో అన్యాయం కనిపించింది. నాకైతే అమెరికా పద్ధతిలో రాష్ట్రానికి దక్కిన గౌరవం నచ్చుతుంది. ఆ పద్ధతి మనకే ఉండి ఉంటే భాషా రాష్ట్రాలూ, తెలంగాణ కూడా అంత సులువుగా వచ్చేవి కావని కూడా తెలుసు. అన్నట్టు, వర్జీనియా పాత అప్పులో వెస్ట్ వర్జీనియా వాటా ఎంతన్న తగవు సుప్రీంకోర్టుకెక్కి, చివరి చెల్లింపు 1939లో గానీ పూర్తి కాలేదు. ఆస్తుల పంపకాల గురించి పదేళ్లకు పైగా వింటున్న తెలుగువాళ్లకు ఇది వింతగా తోచదు.

దిగివచ్చేటప్పుడు నేలమాళిగలో ఒక ఇటుక ముందు చాలాసేపు నిలబడ్డాం. ఇటుక పచ్చిగా ఉన్నప్పుడు దాన్ని తీసిన బానిస పిల్లల వేళ్ల అచ్చులు అందులో ఉండిపోయాయి. మనవరాలు తన వేళ్లు ఆ గుంటల్లో పెట్టి చూసుకుంది. సరిగ్గా సరిపోయాయి. ఆమె ఏమీ అనలేదు, మేమూ ఏమీ అడగలేదు.

మూడో రోజు: అనాపొలిస్, ఆపైన రోడ్డు

అనాపొలిస్‌లో చూడవలసింది మేరీల్యాండ్ శాసనసభా భవనం. దాని చెక్క గుమ్మటాన్ని ఇనప మేకులు లేకుండా కట్టారు. 1783 డిసెంబర్ 23న వాషింగ్టన్ ఇక్కడి పాత సెనేట్ గదిలో సేనాధిపత్యాన్ని కాంగ్రెస్‌కు తిరిగి అప్పగించాడు. గెలిచిన సైన్యాధికారి పౌర ప్రభుత్వం ముందు తలవంచిన ఆ గదిలో ఇప్పుడు ఆయన నిలువెత్తు కంచు విగ్రహం ఉంది.

మౌంట్ వెర్నన్‌లో రెండు రాష్ట్రాల మాట కుదిరాక, వాణిజ్యం గురించి అన్ని రాష్ట్రాలూ మాట్లాడుకుందామని వర్జీనియా పిలుపునిచ్చింది. 1786 సెప్టెంబర్‌లో ఈ ఊళ్లోనే సమావేశమైతే వచ్చినవి అయిదు రాష్ట్రాలు, పన్నెండు మంది. ఆతిథ్యం ఇచ్చిన మేరీల్యాండ్ తన ప్రతినిధులనే పంపలేదు. విఫలమైందని ఇంటికి వెళ్లవలసిన సభ అది. న్యూయార్క్ ప్రతినిధి అలెగ్జాండర్ హామిల్టన్ రాసిన నివేదికతో ఆ పన్నెండు మంది, వచ్చే మేలో ఫిలడెల్ఫియాలో అన్ని రాష్ట్రాలూ కలిసి మొత్తం ఏర్పాటునే సరిదిద్దాలని కోరారు. ఆ చలికాలంలోనే మసాచుసెట్స్‌లో అప్పుల్లో మునిగిన రైతులు డేనియల్ షేస్ నాయకత్వంలో తిరగబడడం, వాళ్లను ఎదుర్కోవడానికి కాంగ్రెస్ వద్ద డబ్బూ సైన్యమూ లేకపోవడం ఆ కోరికకు బలం ఇచ్చాయి.

మధ్యాహ్నం ఫిలడెల్ఫియా వైపు బయలుదేరాం. డెలావేర్‌లో కార్ల నంబరు ప్లేట్ల మీద 'మొదటి రాష్ట్రం' అని ఉంటుంది; రాజ్యాంగాన్ని 1787 డిసెంబర్ 7న అందరికంటే ముందు ఆమోదించిన రాష్ట్రం అదే. అక్కడ అమ్మకం పన్ను లేదు, కాబట్టి మనవరాలి బూట్లు అక్కడే కొన్నాం. నది దాటి న్యూజెర్సీలో చెర్రీ హిల్ దగ్గర బస చేశాం. పెట్రోలు బంకులో మా అమ్మాయి అలవాటుగా కారు దిగబోతే, బంకు కుర్రవాడు వచ్చి కూర్చోమన్నాడు: న్యూజెర్సీలో ఎవరి కారులో వాళ్లు పెట్రోలు పోసుకోవడం 1949 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం. ఒకే రోజులో మూడు సరిహద్దులు దాటాం, ఎక్కడా ఎవరూ ఆపలేదు. దాటిన ప్రతిసారీ పన్నులూ చట్టాలూ మారాయి.

నాలుగో రోజు: ఫిలడెల్ఫియా

ఇండిపెండెన్స్ హాల్‌లోకి ఇచ్చిన సమయానికే వెళ్లాలి. ఇటుక కట్టడం, దాని మీద తెల్లటి గంటస్తంభం. లోపల సభ జరిగిన గది నేను ఊహించుకున్నదానికంటే చాలా చిన్నది. మా కళాశాల సమావేశ మందిరమే ఇంతకంటే పెద్దది. ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లలు రాష్ట్రాల వారీగా అర్ధచంద్రాకారంలో ఉన్నాయి. వాటి మీద ఈకల కలాలు, సిరాబుడ్లు, కొవ్వొత్తులు. ఎదురుగా వాషింగ్టన్ కూర్చున్న కుర్చీ. ఆ సభలో నిజంగా వాడిన కుర్చీయే అది. దాని వీపు మీద పూత పూసిన సగం సూర్యుడు చెక్కి ఉన్నాడు. సంతకాల రోజున పెన్సిల్వేనియా ప్రతినిధి, ఎనభై ఒక్క ఏళ్ల బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆ సూర్యుడు ఉదయిస్తున్నాడో అస్తమిస్తున్నాడో ఇన్నాళ్లూ తేల్చుకోలేకపోయానని, ఉదయిస్తున్నవాడేనని ఇప్పుడు తెలిసిందని అన్నట్టు మాడిసన్ రాసుకున్నాడు.

1787 మే 25 నుంచి సెప్టెంబర్ 17 దాకా, మండు వేసవిలో, మాట బయటికి పొక్కకూడదని కిటికీలు మూసుకుని ఈ గదిలో కూర్చున్నారు. వచ్చిన వాళ్లు 55 మంది; రోడ్ ఐలాండ్ ఎవరినీ పంపలేదు. ఎంత చెప్పుకున్నా తనివి తీరని ఘట్టం జులై 16ది. చిన్న రాష్ట్రాలు సమాన ఓటు కావాలన్నాయి, పెద్ద రాష్ట్రాలు జనాభాను బట్టి కావాలన్నాయి. ప్రతినిధుల సభలో జనాభాను బట్టి, సెనేట్‌లో రాష్ట్రానికి సమానంగా అన్న రాజీకి అయిదు రాష్ట్రాలు అవునన్నాయి, నాలుగు కాదన్నాయి, మసాచుసెట్స్ ప్రతినిధులు సగానికి సగం చీలిపోయారు. అమెరికా సమాఖ్య ఒక్క ఓటు తేడాతో నిలబడింది. ఆ రాజీలోనే, జనాభా లెక్కలో ప్రతి అయిదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కించే నియమం కూడా ఉంది. ఓటు లేని బానిసల పేరుతో యజమానుల రాష్ట్రాలకు అదనపు సీట్లు దక్కాయి.

'రాజ్యాంగ పితామహుడు' అని నేను పిల్లలకు చెప్పిన మాడిసన్ ఆ రోజు ఓడిపోయినవాళ్లలో ఒకడు. రెండు సభల్లోనూ జనాభాను బట్టే సీట్లు ఉండాలని, రాష్ట్ర శాసనాలను రద్దు చేసే అధికారం కాంగ్రెస్‌కు ఉండాలని ఆయన పట్టుబట్టాడు. రెండూ దక్కలేదు. తన ప్రణాళికకు గండి పడిందని జెఫర్సన్‌కు రాసిన ఉత్తరంలో బాధపడ్డాడు కూడా. అదే మనిషి తరవాత హామిల్టన్, జాన్ జే లతో కలిసి పబ్లియస్ అనే మారుపేరుతో న్యూయార్క్ పత్రికల్లో వచ్చిన 85 వ్యాసాల్లో, తాను కోరని ఈ ఏర్పాటునే అందరికంటే గట్టిగా సమర్థించాడు. మనుషులు దేవదూతలైతే ప్రభుత్వమే అక్కర్లేదని, ఒకరి అధికార కాంక్షను మరొకరి కాంక్షతోనే అడ్డుకోవాలని ఆయన చెప్పాడు. కేంద్రంలో మూడు శాఖలు ఒకదాన్నొకటి, కేంద్రమూ రాష్ట్రమూ ఒకదాన్నొకటి కనిపెట్టుకుని ఉంటే పౌరుడికి రెండింతల రక్షణ అన్నాడు. తన మాట నెగ్గకపోయినా నెగ్గిన మాటలోని బలాన్ని చూడగలిగిన ఆ బుద్ధి అంటే నాకు ఎంతో గౌరవం.

మరొక చిన్న మార్పు గురించి చెప్పాలి. ఆగస్టు ముసాయిదా "న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్..." అంటూ రాష్ట్రాల పేర్లన్నీ వరసగా చెప్పి, ఆ రాష్ట్రాల ప్రజలమైన మేము అని మొదలైంది. తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలని నిర్ణయించాక, ఆ తొమ్మిది ఏవో ముందుగా తెలియదు గనక, భాష దిద్దే సంఘంలో గవర్నర్ మోరిస్ ఆ పేర్లు తీసేసి 'సంయుక్త రాష్ట్రాల ప్రజలమైన మేము' అని రాశాడు. గవర్నర్ అన్నది ఆయన పేరే, పదవి కాదు. పేర్లు తీసేయడంతో ఒప్పందం చేసుకుంటున్న పక్షమే మారిపోయింది. మరుసటి ఏడాది, రాజ్యాంగాన్ని ఆమోదించాలా వద్దా అని కూడిన వర్జీనియా సభలో దాన్ని వ్యతిరేకించిన పాట్రిక్ హెన్రీ, 'రాష్ట్రాలమైన మేము' అనకుండా 'ప్రజలమైన మేము' అనడానికి మీకు హక్కెక్కడిదని నిలదీశాడు. సరైన చోటే వేలు పెట్టాడు. మన పీఠికలో 'భారత ప్రజలమైన మేము' అని చదివినప్పుడల్లా ఈ గది గుర్తొస్తుంది.

ఆ ప్రాంగణం మధ్య నిలబడితే, హాలుకు ఒక పక్కన 1790 నుంచి 1800 దాకా కాంగ్రెస్ కూర్చున్న భవనం, మరో పక్కన 1791 నుంచి సుప్రీంకోర్టు కూర్చున్న భవనం కనిపిస్తాయి. అధికారాన్ని శాఖల మధ్య విడదీయడమనే అధికార పృథక్కరణను పాఠంలో విడివిడిగా పెట్టి చెప్పాను, ఇక్కడ అది కొద్ది అడుగుల దూరంలో ఉంది. సాయంత్రం రాజ్యాంగ ప్రదర్శనశాలలో 42 మంది నిలువెత్తు కంచు విగ్రహాల మధ్య తిరిగాం. వాళ్లలో 39 మంది సంతకం చేసినవారు, ముగ్గురు చేయనన్నవారు. చేయనన్న ముగ్గురిలో, మౌంట్ వెర్నన్‌లో నది ఒప్పందం కుదిర్చిన జార్జ్ మేసన్ ఒకడు. పౌరుల హక్కుల ప్రకటన లేదన్నది ఆయన ప్రధాన అభ్యంతరం.

అయిదో రోజు: ఫిలడెల్ఫియా, తిరుగు ప్రయాణం

అధ్యక్షుడిగా వాషింగ్టన్ నివసించిన ఇంటి పునాదులు, లిబర్టీ బెల్ అనే చారిత్రక గంట ఉన్న చోటు పక్కనే ఉన్నాయి. ఆ ఇంట్లో తొమ్మిది మంది బానిసలు పనిచేశారు. పెన్సిల్వేనియా 1780 చట్టం ప్రకారం బయటి రాష్ట్రం నుంచి తెచ్చిన బానిస ఆరు నెలలు ఇక్కడ ఉంటే స్వేచ్ఛ కోరవచ్చు. అందుకని గడువు నిండేలోపు వాళ్లను రాష్ట్రం దాటించి మళ్లీ తెచ్చేవారు. ఓనా జడ్జ్ అనే యువతి 1796లో ఈ ఇంటి నుంచి తప్పించుకుని న్యూ హాంప్‌షైర్ చేరింది. పారిపోయినవారిని రాష్ట్రాలు దాటి పట్టుకునే హక్కు యజమానికి ఇచ్చిన 1793 చట్టం మీద సంతకం వాషింగ్టన్‌దే. రాష్ట్ర సరిహద్దు ఒకరికి స్వేచ్ఛ ఇవ్వగలదు, అదే సరిహద్దు ఇంకొకరికి సంకెల వేయగలదు. దీన్ని పక్కన పెట్టి సమాఖ్యను పొగడడం నాకు చేతకాదు. రాష్ట్రం కూడా ఏ మనిషికీ చట్టం ముందు సమాన రక్షణ నిరాకరించకూడదని రాజ్యాంగం చెప్పడానికి అంతర్యుద్ధం జరిగి, 1868లో పద్నాలుగో సవరణ రావలసి వచ్చింది.

చెస్ట్‌నట్ వీధిలో గ్రీకు దేవాలయంలా ఉన్న పాలరాతి కట్టడం ఒకప్పటి రెండో జాతీయ బ్యాంకు. ఆ బ్యాంకు బాల్టిమోర్ శాఖ మీద మేరీల్యాండ్ ఏడాదికి 15,000 డాలర్ల పన్ను వేస్తే, క్యాషియర్ మెక్‌కలక్ కట్టనన్నాడు. 1819లో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ రెండు ప్రశ్నలకు జవాబిచ్చాడు. రాజ్యాంగంలో బ్యాంకు అనే మాట లేకపోయినా, చెప్పిన అధికారాలు నెరవేర్చడానికి అవసరమైనది చేసే అధికారం కాంగ్రెస్‌కు ఉంది. పన్ను వేసే అధికారంలో నాశనం చేసే అధికారం ఇమిడి ఉంది గనక, మొత్తం దేశ ప్రజలు పెట్టుకున్న సంస్థ మీద ఒక రాష్ట్ర ప్రజలు పన్ను వేయరాదు. మేరీల్యాండ్ పేరు ఈ యాత్రలో ఇలా మళ్లీ వచ్చింది.

ఆరో రోజు: వాషింగ్టన్

క్యాపిటల్ భవనంలో ప్రతి రాష్ట్రం ఇచ్చిన రెండేసి విగ్రహాలు ఉన్నాయి. రాష్ట్రానికి సెనేటర్లూ ఇద్దరే. 2020 జనగణన ప్రకారం కాలిఫోర్నియా జనాభా 3.95 కోట్లు, వయోమింగ్ జనాభా 5,76,851. సెనేట్‌లో ఇద్దరూ సమానం. మన రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కు 31, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7. సెనేట్ సమానత్వాన్ని ఆ రాష్ట్రపు సమ్మతి లేకుండా సవరణతో కూడా తీసేయకూడదని అయిదో అధికరణం కట్టుదిట్టం చేసింది. ఈ సమానత్వం ఇప్పుడు న్యాయంగా ఉందని నేను అనుకోను. అది లేకపోతే 1787లో చిన్న రాష్ట్రాలు లేచి వెళ్లిపోయేవనే మాటా కాదనలేను. ఇక్కడి వీధుల్లో కార్ల ప్లేట్ల మీద 'ప్రాతినిధ్యం లేని పన్ను' అని నిరసనగా రాసి ఉంటుంది. వయోమింగ్ కంటే ఎక్కువగా 6,89,545 మంది ఉన్న రాజధానికి రాష్ట్రం కాని కారణాన ఒక్క సెనేటరూ లేడు.

సుప్రీంకోర్టు మెట్ల మీద కొద్దిసేపు కూర్చున్నాం. ఫెడరల్ ప్రభుత్వం తన చట్టాన్ని తన ఉద్యోగులతోనే అమలు చేసుకోవాలి గానీ, రాష్ట్ర అధికారులకు ఆ పని పురమాయించరాదని 1997లో ఈ కోర్టు చెప్పింది; న్యాయమూర్తుల్లో అయిదుగురు అవునన్నారు, నలుగురు కాదన్నారు. మన దేశంలో రాష్ట్రాలకు ఆదేశాలిచ్చే అధికారం కేంద్రానికి 256, 257 అధికరణాల్లోనే ఉందని చెబితే, మా అమ్మాయి రెండింటిలో ఏది మంచిదని అడిగింది. ఆ రాష్ట్రం ఏం చేయబోతోందన్న దాన్ని బట్టి ఉంటుందన్నాను. 1957లో అర్కన్సాస్ రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో నల్లజాతి పిల్లలను బడికి రానివ్వకుండా గవర్నర్ అడ్డుకుంటే, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైన్యాన్ని పంపవలసి వచ్చింది.

చివరికి పాత పత్రాలు భద్రపరిచే జాతీయ అభిలేఖాగారానికి (నేషనల్ ఆర్కైవ్స్) వెళ్లాం. గుండ్రటి మందిరంలో వెలుతురు చాలా తక్కువ, ఫొటోలు తీయనివ్వరు. స్వాతంత్ర్య ప్రకటన సిరా దాదాపు వెలిసిపోయింది. రాజ్యాంగం నాలుగు పుటలూ పక్కపక్కనే, మొదటి పుట మీద 'ప్రజలమైన మేము' అన్న మాటలు అరచేతి ఎత్తు అక్షరాల్లా కనిపిస్తూ ఉన్నాయి. హక్కుల ప్రకటన ముందు మనవరాలు అధికరణాలు లెక్కపెట్టి, బడిలో పది అన్నారు, ఇక్కడ పన్నెండు ఉన్నాయేమిటని అడిగింది. 1789లో కాంగ్రెస్ పంపినవి పన్నెండు. 1791 డిసెంబర్ 15 నాటికి ఆమోదం పొందినవి మూడు నుంచి పన్నెండు దాకా. రెండోది 1992 దాకా ఆగి ఇరవై ఏడో సవరణ అయింది. అందువల్ల పదో సవరణను ఆ తోలు పత్రం మీద పన్నెండో అధికరణంగా వెతుక్కోవాలి. అన్నిటికంటే కింద ఉంది. రాజ్యాంగం సంయుక్త రాష్ట్రాలకు అప్పగించని, రాష్ట్రాలకు నిషేధించని అధికారాలు ఆయా రాష్ట్రాలకు గానీ, ప్రజలకు గానీ ఉంటాయని అది చెబుతుంది. మన రాజ్యాంగంలో అవశిష్టాధికారాలు, అంటే ఏ జాబితాలోనూ చేరకుండా మిగిలిన అధికారాలు, కేంద్రానివి. 'ప్రజలకు గానీ' అన్న చివరి మాట మాడిసన్ మొదట ప్రతిపాదించినప్పుడు లేదు, కాంగ్రెస్‌లో చేరింది.

"ఆ ప్రజల్లో అమ్మ ఉందా తాతయ్యా?" అని మనవరాలు అడిగింది. ఇక్కడే పుట్టింది గనక పద్నాలుగో సవరణ వల్ల ఆ పిల్ల పౌరురాలు. వాళ్లమ్మ పన్నెండేళ్లుగా రెండు ప్రభుత్వాలకూ పన్ను కడుతూ గ్రీన్‌కార్డు వరసలో ఉంది. వాక్ స్వాతంత్ర్యం, న్యాయవిచారణ వంటి రక్షణలు అమ్మకూ ఉన్నాయని, ఓటు మాత్రం లేదని చెప్పాను. కావలివాడు వరస కదలమన్నాడు. బయటి మెట్ల మీద ఇంకో సంగతి గుర్తొచ్చి చెప్పాను: ఊరి ఎన్నికల్లో ఎవరు ఓటు వేయాలో దేశ రాజ్యాంగం నిర్ణయించలేదు, కాబట్టి మేరీల్యాండ్‌లోని టకోమా పార్క్ అనే చిన్న పట్టణం 1992 నుంచి పౌరులు కాని నివాసులకూ తన పట్టణ ఎన్నికల్లో ఓటు ఇస్తోంది.

మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. కారు వంతెన మీద పొటోమాక్ దాటుతుండగా, టకోమా పార్క్ ఎటువైపు ఉంటుంది నాన్నా అని అడిగింది. వెనక్కి తిరిగి, నదికి ఆవలి వైపు చూపించాను.